మన జిల్లా అభ్యర్థి – తరిమెల నాగిరెడ్డి

స్వర్ణోత్సవ సంచికకు మన జిల్లా ప్రముఖుల్లో ఒకరి గురించి రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు నేను తరిమెల నాగిరెడ్డి గారి పేరు చెప్పాను. ఒకరిద్దరు కొంచెం వెనుకాడారు. బడి సంచికలో రాజకీయాలు ఎందుకన్నది వారి సందేహం. నాకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు. ఉద్యోగమంతా కాలువలు, చెరువు కట్టల లెక్కలతోనే గడిచింది. నాగిరెడ్డి గారు పోయేనాటికి నేను ఇంకా పలక బలపం వయసులో ఉన్నాను. కాబట్టి ఇది అభిమానంతోనో ద్వేషంతోనో రాస్తున్నది కాదని పాఠకులు నమ్మవచ్చు.

ఆయన గురించే రాయాలనుకోవడానికి ఒక కారణం ఉంది. హిందూపురం మునిసిపాలిటీకి ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఏదో ఒక వార్డులో ఒక చిన్న పార్టీ మనిషి కౌన్సిలర్ పదవికి నామినేషన్ వేస్తాడు. ఆయన వెంట పదిమంది ఉంటారు, ఒక ఆటో, ఒక మైకు ఉంటాయి. టీ అంగడి దగ్గర మనవాళ్లు నవ్వుతారు. డిపాజిట్టు గల్లంతవుతుందని, ఆయనకు వేస్తే ఓటు మురిగిపోతుందని అంటారు. గెలవనని తెలిసిన మనిషి ఎందుకు నిలబడతాడు? గెలిచినా పెద్ద సభలో ఒక్కడై ఏం చేస్తాడు? ఈ రెండు ప్రశ్నలకూ మన జిల్లాలోనే ఒకాయన తన బతుకంతా జవాబు వెతికాడు. ఆ జవాబు చివరికి అందరూ ఒప్పుకునేలా లేదు. అందుకే చెప్పుకోదగినది.

తరిమెల అనంతపురానికి దగ్గర, శింగనమల వైపున ఉన్న ఊరు. ఇప్పుడు మన చిలమత్తూరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది గానీ, మనలో చాలామందికి సర్టిఫికెట్ల మీద ఉన్న జిల్లా అనంతపురమే. కాబట్టి ఆయన మనవాడే. 1917 ఫిబ్రవరి 11న అక్కడి భూస్వామి కుటుంబంలో పుట్టారు. కరువు సీమలో భూస్వామి అంటే కోనసీమ భూస్వామి కాదు. ఎకరాలు వందల్లో ఉన్నా ఆకాశం కరుణిస్తేనే గింజ. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడవలసిన నెలలో పడదు. ఆ నేల మీద కూలి చేసేవాడి పరిస్థితి ఎలా ఉంటుందో చిలమత్తూరు చుట్టుపక్కల పల్లెల నుంచి బడికి నడిచి వచ్చిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

పిల్లవాణ్ణి మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ బడిలో చేర్చారు. జిడ్డు కృష్ణమూర్తి గారి ఆలోచనలతో మొదలైన బడి అది. అప్పటి సర్కారు బళ్లలో బెత్తం రాజ్యమేలుతుంటే, పిల్లలు ప్రశ్నించడాన్ని తప్పు పట్టని చోటు. మన ఉపాధ్యాయులు ఇది చదివి నవ్వుకోవచ్చు గానీ, ప్రశ్నించడం నేర్పిన బడి నుంచి కృష్ణమూర్తి గారి శిష్యుడు కాకుండా మార్క్స్ శిష్యుడు బయటికి రావడం నాకు ముచ్చటగానే ఉంటుంది. బడి ఇచ్చేది జవాబు కాదు కదా. ఆ తరువాత మద్రాసు లయోలా కాలేజీ, అక్కడి నుంచి కాశీ హిందూ విశ్వవిద్యాలయం. ఒకటి క్రైస్తవ ఫాదరీలది, ఇంకొకటి మదనమోహన మాలవీయ గారిది. ఇన్ని రకాల గూళ్లలో పెరిగి, స్వాతంత్ర్య పోరాటం ఉధృతంగా ఉన్న రోజుల్లో కమ్యూనిస్టుగా ఇల్లు చేరారు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. యుద్ధం వల్ల జనం ఆర్థిక జీవితం ఏమవుతుందో వివరిస్తూ ఒక చిన్న పుస్తకం రాశారు. 1940లో ప్రభుత్వం జైలుకు పంపింది. అప్పటికి ఆయన వయసు 23. బాంబు వేయలేదు, రైలు పట్టా తీయలేదు. ధరలు, పన్నులు, లెక్కలు రాశారు. ఆ అలవాటు చివరిదాకా పోలేదు, చివరి జైలులోనూ ఆయన చేసింది ఇదే పని. మరుసటి ఏడు మళ్లీ అరెస్టు, 1946లో ప్రకాశం గారి ప్రభుత్వం ఉన్నప్పుడు ఇంకోసారి. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీని నిషేధించారు. తెల్లదొరల జైలు, ఖద్దరు దొరల జైలు రెండూ ఎరిగిన తరం అది.

ఇక భూమి మాట. తన వాటా భూమిని ఆయన కూలీలకు పంచి ఇచ్చేశారు. వెయ్యి ఎకరాలకు పైమాటే అని జిల్లాలో చెప్పుకుంటారు. మన రాష్ట్రంలో భూసంస్కరణల చట్టం గట్టిగా వచ్చింది 1973లో. అప్పుడు సీలింగు నుంచి తప్పించుకోవడానికి పెద్ద రైతులు ఎవరెవరి పేర రాసుకున్నారో, పుట్టని మనవళ్ల పేర్లు, చచ్చిపోయిన తాతల పేర్లు ఎన్ని పట్టాల్లోకి ఎక్కాయో రెవెన్యూ శాఖలో పనిచేసిన మన పూర్వ విద్యార్థులు నాకంటే బాగా చెప్పగలరు. చట్టం రాకముందే, ఎవరూ అడగకముందే ఇచ్చిన మనిషి ఈయన. సిద్ధాంతం నచ్చనివారు కూడా ఈ ఒక్క విషయంలో గొంతు తగ్గించి మాట్లాడటం నేను చూశాను. ఓటు అడగడానికి వెళ్లినప్పుడు ఆయనకున్న అసలు ప్రచారం కూడా అదే అని నా నమ్మకం.

ఇప్పుడు 1952 ఎన్నికలకు వద్దాం. మన దేశంలో 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు వచ్చిన మొదటి సార్వత్రిక ఎన్నికలు. అంతకుముందు పన్ను కట్టేవాడికి, చదువుకున్నవాడికి మాత్రమే ఓటు. ఈసారి కూలివాడికి, చేనేత మనిషికి, ఆడవాళ్లకు అందరికీ వచ్చింది. ఓటు వేసే పద్ధతి కూడా ఇప్పటిలా లేదు. మీట నొక్కడం లేదు, ముద్ర వేయడం కూడా లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అతికించి ఉంటుంది. ఓటరుకు ఇచ్చిన కాగితాన్ని తెర చాటుకు వెళ్లి తనకు నచ్చిన గుర్తు పెట్టెలో వేసి రావాలి. కాంగ్రెసుకు కాడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. అక్షరం ముక్క రానివాడికి కూడా తికమక లేదు. అనంతపురం పల్లెల్లో ఈ రెండు బొమ్మలూ ప్రతి ఇంట్లో ఉన్నవే. తేడా ఒక్కటే. ఎద్దులు రైతు ఇంట్లోనే ఉంటాయి, కొడవలి కూలివాడి ఇంట్లో కూడా ఉంటుంది.

అనంతపురం అసెంబ్లీ స్థానానికి కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు. 1949 నుంచి మద్రాసు రాష్ట్రంలో మంత్రిగా చేశారు. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీపడి ఆచార్య రంగా గారిని ఓడించారు. ఆంధ్ర ప్రాంతంలో ఆయన మాటకు ఎదురు లేని రోజులు. ఇల్లూరు నీలం వారికి, తరిమెల వారికి వియ్యం ఉంది. నాగిరెడ్డి గారి సోదరి నాగరత్నమ్మ గారిని సంజీవరెడ్డి గారు 1935లో పెళ్లి చేసుకున్నారు. అంటే వారిద్దరూ బావ, బావమరిది. బావకు 38 ఏళ్లు, బావమరిదికి 35. బావ ఏలుబడిలో ఉన్న పార్టీ అధ్యక్షుడు. బావమరిది అప్పటికి జైలులో ఉన్నారు, అక్కడి నుంచే పోటీ చేశారు.

అభ్యర్థి ఊళ్లోకి రాలేడు. చేయి ఊపలేడు, దండం పెట్టలేడు. అసెంబ్లీకి డిపాజిట్టు 250 రూపాయలు, పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది పోతుంది. ఆ రోజుల్లో 250 రూపాయలంటే ఒక చిన్న పార్టీకి చిన్న మొత్తం కాదు. పైగా అది రాయలసీమలో కరువు కాలం. గంజి కేంద్రాలు తెరిచి జనాన్ని బతికించిన కాలం. అలాంటి సమయంలో, కళ్ల ముందు లేని మనిషి పెట్టెలో అనంతపురం ఓటర్లు ఎక్కువ కాగితాలు వేశారు. సంజీవరెడ్డి గారు ఓడిపోయారు. తరువాతి కాలంలో ముఖ్యమంత్రి, లోక్‌సభ స్పీకరు, రాష్ట్రపతి అయిన మనిషిని, ఆయన సొంత జిల్లా కేంద్రంలోనే, జైలులో ఉన్న బావమరిది ఓడించాడన్న మాట.

దీన్ని ఒక్క మనిషి గొప్పతనంగా చెప్పి వదిలేస్తే లెక్క తప్పుతుంది. ఆ ఏడు మద్రాసు రాష్ట్రమంతా కాంగ్రెసుకు ఎదురుగాలి వీచింది. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా గారే ఓడిపోయారు. ప్రకాశం గారు, రంగా గారు బయటికి వెళ్లి వేరు కుంపట్లు పెట్టడంతో కాంగ్రెసు ఓటు చీలింది. 375 స్థానాల సభలో కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చాయి, కమ్యూనిస్టులకు 62. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టాలి, నిజమే. కానీ గాలి వీచిన రోజున గింజ ఉన్న చేట కూడా కావాలి కదా. అప్పటికి పన్నెండేళ్లుగా ఆయన ఆ పల్లెల్లో పని చేస్తున్నారు. అందులో చాలా భాగం జైలులో గడిచింది, అది వేరే సంగతి.

మద్రాసు అసెంబ్లీలో ఆయన ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఎదురుగా ముఖ్యమంత్రి రాజాజీ. చతురుడు, వాదనలో అందె వేసిన చేయి, కమ్యూనిస్టులే తన మొదటి శత్రువులని సభలోనే బాహాటంగా ప్రకటించిన మనిషి. అంతటి వృద్ధ సింహం ముందు 35 ఏళ్ల అనంతపురం యువకుడు. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు గారు ప్రాణత్యాగం చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ప్రకాశం గారు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి గారు ఉప ముఖ్యమంత్రి. ఓడిన బావ అధికార బల్లల మీద, గెలిచిన బావమరిది ఎదురు బల్లల మీద. పండగలకు, పెళ్లిళ్లకు ఆ ఇళ్లలో ఎలా గడిచిందో మనకు తెలియదు గానీ, రాజకీయం కోసం వారు చుట్టరికాన్ని గానీ, చుట్టరికం కోసం రాజకీయాన్ని గానీ తాకట్టు పెట్టినట్టు ఎవరూ చెప్పరు.

ఇక్కడ ఒక సీమవాడిగా నాకు మింగుడుపడని సంగతి ఒకటి చెప్పాలి. రాజధాని విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఉండాలని కమ్యూనిస్టు పార్టీ పట్టుబట్టింది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో సీమకు ఇచ్చిన మాట ఉంది. రాజధానో హైకోర్టో ఏదో ఒకటి ఇక్కడికి రావాలి. పార్టీ బలమంతా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఉన్నప్పుడు అనంతపురం మాట పార్టీలో ఎంత దూరం వినబడుతుంది? చిన్న పార్టీలకు ఇదొక చిక్కు. పెద్ద పార్టీలో అయితే నాలుగు వర్గాలుంటాయి, ప్రాంతానికో గొంతు ఉంటుంది. చిన్న పార్టీలో క్రమశిక్షణ ఎక్కువ, ప్రాంతం గొంతు తక్కువ.

ప్రకాశం గారి ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. సభలో ఒక్క ఓటుకు ఎంత విలువ ఉంటుందో తెలియనివారు ఆ రోజు గుర్తు చేసుకోవాలి. 1955లో మధ్యంతర ఎన్నికలు. ఇక్కడ నా లాంటి ఇంజనీరుకు నిద్రపట్టని లెక్క ఒకటి ఉంది. కమ్యూనిస్టులకు ఆ ఎన్నికల్లో 31 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం 196లో 15. అంటే 8 శాతం కూడా కాదు. 1952లో చీలిపోయిన కాంగ్రెసు పక్షాలన్నీ ఈసారి ఒక్కటై ప్రతి చోటా ఒక్క అభ్యర్థినే నిలబెట్టాయి. తూములోకి వచ్చిన నీరు ఎంత, మడిలో పారింది ఎంత అని చూస్తే, ఇంత నష్టం వచ్చే కాలువను ఏ శాఖా ఒప్పుకోదు. కానీ మన ఎన్నికల పద్ధతి అదే. వార్డు కౌన్సిలరు దగ్గర నుంచి లోక్‌సభ దాకా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడిదే సీటు, మిగతా ఓట్లకు లెక్క లేదు. చిన్న పార్టీకి వేసిన ఓటు మురిగిపోతుందని మన టీ అంగడి పెద్దలు అనే మాటకు మూలం ఇక్కడే ఉంది. ఆ ఎన్నికల తరువాత నాగిరెడ్డి గారు సభ బయటే ఉండిపోయారు.

అయితే ఆయన ఓటమిని ఎలా తీసుకున్నారో రెండేళ్లలోనే తెలిసింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సంజీవరెడ్డి గారు మొదటి ముఖ్యమంత్రి. మూడు నాలుగు నెలలకే 1957 ఎన్నికలు. ముఖ్యమంత్రి సొంత జిల్లా, కొత్త రాష్ట్రం ఏర్పడిన వేడి ఇంకా చల్లారలేదు. ఆ సమయంలో అనంతపురం లోక్‌సభ స్థానానికి నాగిరెడ్డి గారు నిలబడి గెలిచారు. 1952 గెలుపు గాలి వల్ల వచ్చిందని అనుకోవచ్చు. 1957 గెలుపును అలా కొట్టిపారేయలేం. నా దృష్టిలో ఆయన ఎన్నికల జీవితంలో పెద్ద గెలుపు ఇదే, జనం ఎక్కువగా చెప్పుకునేది మాత్రం మొదటిది. బావ బావమరిది కథలో ఉన్న రుచి లెక్కల్లో ఉండదు మరి.

1962లో లోక్‌సభ వదిలి పుట్లూరు నుంచి అసెంబ్లీకి వచ్చారు. సంజీవరెడ్డి గారు రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. 1964లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యలు చేసిన తరువాత సంజీవరెడ్డి గారు పదవికి రాజీనామా చేశారు. అదే ఏడు కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది. నాగిరెడ్డి గారు మార్క్సిస్టు పార్టీ వైపు వెళ్లారు.

చిన్న పార్టీ చీలితే ఏమవుతుందో 1967 చెప్పింది. రాష్ట్రమంతటా మార్క్సిస్టు పార్టీకి 9 స్థానాలు వచ్చాయి. ఆ తొమ్మిదిలో అనంతపురం ఒకటి, గెలిచింది నాగిరెడ్డి గారు. ఈ ఎన్నికతో మనకూ చుట్టరికం ఉంది. మన చిలమత్తూరు హిందూపురం లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. అదే 1967లో హిందూపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకరు అయింది సంజీవరెడ్డి గారు. అంటే ఒకే జిల్లా, ఒకే ఎన్నికల్లో, ఉత్తరాన బావమరిదిని అసెంబ్లీకి, దక్షిణాన బావను ఢిల్లీకి పంపింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆనాడు ఎవరికి ఓటు వేశారో అడిగి తెలుసుకోవడానికి ఇంకా కొద్దిమందే మిగిలారు. అడగదలచినవారు ఆలస్యం చేయకండి.

ఇక ఆయన జీవితంలో తగాదా ఉన్న భాగం. 1967లో బెంగాల్లో నక్సల్బరీ. మార్క్సిస్టు పార్టీ సిద్ధాంత పత్రం మీద దేశమంతా చర్చ. 1968 జనవరిలో పాలకొల్లులో జరిగిన రాష్ట్ర ప్లీనంలో ఎక్కువమంది పార్టీ కేంద్ర నాయకత్వం పత్రాన్ని తిరస్కరించారు. ఆ తిరస్కరణకు ముందు నిలిచినవారిలో నాగిరెడ్డి గారు ఒకరు. ఆ ఏడే దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య గార్లతో కలిసి పార్టీ నుంచి బయటికి వచ్చి విప్లవకారుల సమన్వయ కమిటీ పెట్టారు. అటు చారు మజుందారు గారి నాయకత్వంలో ఉన్న అఖిల భారత కమిటీతో కూడా పొసగలేదు. జనాన్ని కూడగట్టకుండా వ్యక్తులను చంపడం దారి కాదని వీరి వాదన. ఇంకో తగవు మన విషయానికి దగ్గరది. ఎన్నికలను బహిష్కరించడం ఎప్పటికీ మారని సూత్రమని వారు అన్నారు. అది పరిస్థితిని బట్టి తీసుకునే ఎత్తుగడ అని వీరు అన్నారు. 1969 ఫిబ్రవరిలో అఖిల భారత కమిటీ వీరిని వేరు చేసింది.

మరుసటి నెలలో, 1969 మార్చిలో, నాగిరెడ్డి గారు అసెంబ్లీలో లేచి నిలబడి సుదీర్ఘంగా మాట్లాడి తన సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఈ సభ వల్ల పేదవాడి భూమి సమస్య తీరదని తన అనుభవంలో తేలిపోయిందని, ఇక జనంలోకి వెళ్లి విప్లవ మార్గంలో పనిచేస్తానని ఆ ప్రసంగం సారాంశం. మద్రాసు అసెంబ్లీ, ఆంధ్ర అసెంబ్లీ, పార్లమెంటు, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ అన్నీ చూశాక చెప్పిన మాట అది. సభ మెట్లు ఎక్కనివాడు సభ దండగ అంటే అందని ద్రాక్ష అనుకోవచ్చు. ఈయన విషయంలో అలా అనడానికి వీల్లేదు.

కానీ నేను ఆయనతో ఏకీభవించలేను. అనంతపురం ఓటర్లు ఆయనను పంపింది సభలో మాట్లాడమని. సభ పనికిరాదని ఆయనకు తోచినప్పుడు ఆ మాటను సభలోనే ఐదేళ్లూ చెప్పవచ్చు. ఆయన వదిలేసిన కుర్చీ ఖాళీగా ఉండదు, ఎవరో ఒకరు కూర్చుంటారు, ఆ వచ్చేవాడు బంజరు భూముల గురించి అడిగేవాడు కాకపోవచ్చు. చిన్న పార్టీకి సభలో ఒక్క మనిషి ఉన్నా, కనీసం ప్రశ్న అచ్చులోకి ఎక్కుతుంది, ఎవరో ఒక అధికారి జవాబు రాయవలసి వస్తుంది. మా శాఖలో శాసనసభ ప్రశ్న అని ఎర్ర సిరాతో రాసి వచ్చిన ఫైలు ఎంత వేగంగా కదులుతుందో చూసినవాడిగా చెబుతున్నాను. మరోవైపు, పదవిని పట్టుకుని వేలాడేవాళ్లనే చూసి చూసి అలసిన కళ్లకు, తన మాటకూ తన కుర్చీకీ పొంతన కుదరదని తోచిన రోజున లేచి వెళ్లిపోయిన మనిషి గౌరవంగానే కనబడతాడు. ఈ రెండు మాటలూ నాలో అలాగే ఉన్నాయి.

అదే 1969లో జూలైలో బావగారు కూడా ఒక కుర్చీ వదిలారు. రాష్ట్రపతి పదవికి పోటీ చేయడానికి స్పీకరు పదవికి రాజీనామా చేశారు. ఆగస్టులో వి.వి. గిరి గారి చేతిలో ఓడిపోయారు. 1971 ఎన్నికల్లోనూ ఓడి, జిల్లాకు తిరిగి వచ్చి సేద్యంలో పడ్డారు. బావమరిది దారి వేరు. 1969 డిసెంబరులో మద్రాసులో పోలీసులు ఆయనను, మరికొందరు నాయకులను అరెస్టు చేశారు. హైదరాబాదు కుట్ర కేసు నడిచింది.

ఆ కేసులో ఆయన ఇచ్చిన వాంగ్మూలమే తరువాత తాకట్టులో భారతదేశం అనే పుస్తకమైంది. ఇది లావు పుస్తకం. నేను సగం చదివి పక్కన పెట్టి, ఏడాది తరువాత మళ్లీ పట్టుకుని పూర్తి చేశాను. నాకు నచ్చింది అందులోని పని తీరు. విదేశీ పెట్టుబడి ఎంత వచ్చింది, లాభం ఎంత పోయింది, ఏ కర్మాగారానికి ఏ దేశపు కంపెనీతో ఎలాంటి ఒప్పందం ఉంది, అమెరికా గోధుమ ఏ షరతుల మీద వచ్చింది, ఇవన్నీ అంకెలతో ఉంటాయి. ఆ అంకెలు చాలావరకు ప్రభుత్వ నివేదికల్లోవే. ఎదుటివాడి లెక్కల పుస్తకం తీసుకుని ఎదుటివాడికే చూపించడం. జైలు గదిలో కూర్చుని, దొరికిన నివేదికలతో ఇంత కట్టడం మామూలు పని కాదు. 23 ఏళ్ల వయసులో జైలుకు పంపిన ఆ చిన్న పుస్తకం 50 ఏళ్ల వయసు దాటాక ఇంత పెద్దదైంది. ఆయన తేల్చిన ముగింపులన్నీ నిలబడ్డాయని నేననను. 1991 తరువాత మన దేశం నడిచిన దారి ఆయన ఊహకు అందనిది. అందులో మన చిలమత్తూరు పిల్లలు బెంగుళూరు కంపెనీల్లో చేసే ఉద్యోగాలు కూడా ఉన్నాయి. కానీ ఎవరి డబ్బు, ఎవరి షరతులు అని అడగడం మాత్రం పాతబడలేదు.

1975 ఏప్రిల్లో దేవులపల్లి వెంకటేశ్వరరావు గారితో కలిసి కొత్త విప్లవ పార్టీని ఏర్పాటు చేశారు. రెండు నెలలకే ఎమర్జెన్సీ. అజ్ఞాతవాసంలోనే ఆరోగ్యం చెడింది. 1976 జూలై 28న హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో కన్నుమూశారు. రోగి అసలు పేరు ఆసుపత్రి కాగితాల మీద లేదు. ఆయన వయసు 59.

దాదాపు ఏడాదికి, 1977 జూలై 25న, నాగరత్నమ్మ గారి భర్త నీలం సంజీవరెడ్డి గారు భారత రాష్ట్రపతిగా ప్రమాణ స్వీకారం చేశారు. వెయ్యి ఎకరాలు పంచిన తమ్ముడి కథ మన పాఠ్యపుస్తకాల్లో నాకు ఎక్కడా కనబడలేదు. ఈనాటి పుస్తకాల సంగతి మన ఉపాధ్యాయులే చెప్పాలి.

కొడికొండ చెక్‌పోస్టు దాటి కొద్ది దూరం పోతే కర్ణాటకలో బాగేపల్లి వస్తుంది. అక్కడి జనం కూడా మనలాగే తెలుగు మాట్లాడతారు, వేరుశనగ వేస్తారు, వానకు ఎదురుచూస్తారు. ఆ రాష్ట్రంలో కమ్యూనిస్టులు ఒకటికి మించిన సార్లు గెలిచిన అతి కొద్ది స్థానాల్లో అది ఒకటి. ఇటు, మన వైపు, 1967లో అనంతపురంలో వచ్చిన గెలుపు లాంటివి ఆ తరువాత అరుదైపోయాయి. ఆ తేడాకు కారణం ఏమిటో మన సంఘంలో రాజకీయ శాస్త్రం చదివినవారు ఎవరైనా ఓపిక చేసుకుని వచ్చే సంచికకు రాస్తే చదవాలని ఉంది. తరిమెల చూడదలచినవారికి దారి సులభమే. పెనుకొండ మీదుగా అనంతపురం, అక్కడి నుంచి శింగనమల వైపు వెళ్లే బస్సు.